నాలుక కింది మాత్ర

రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక నేను కాసేపు ఎవరితోనూ మాట్లాడను. వంటింటి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని నాలుక కింద ఒక చిన్న మాత్ర పెట్టుకుంటాను. అది మింగేది కాదు. పూర్తిగా కరిగేదాకా నీళ్ళు తాగకూడదు, నోరు తెరవకూడదు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ దాన్ని మౌనజపం అనుకున్నారు. నేను కాదనలేదు. ఆ మాట చుట్టాల్లోకి పాకి, టీచరమ్మకు భక్తి ఎక్కువని నాకు పేరు కూడా వచ్చింది. అసలు సంగతి తెలిసింది మా ఆయనకొక్కరికే.

కడపలో మా వీధిలో కిడ్నీలో రాళ్ళు రాని ఇల్లు తక్కువ. నాకూ వచ్చాయి. ఒకసారి పడిపోయాయనుకుంటే ఆరు నెలలకు మళ్ళీ వచ్చేవి. నొప్పి వచ్చినప్పుడల్లా వీధి చివర క్లినిక్‌కు పరుగెత్తి సూది వేయించుకునేదాన్ని. ఆ తర్వాత సూదికి పోయే పని లేకుండా మాత్రలు రాసిచ్చారు. కొన్నాళ్ళకు చీటీ చూపించకపోయినా మందుల షాపతను ఇచ్చేవాడు. రాళ్ళు పోయాయి. మాత్రలు పోలేదు. నొప్పి లేని రోజున కూడా ఒళ్ళు వాటినే అడగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం తరగతిలో బీజగణితం చెబుతుంటే చెమటలు పట్టేవి, ముక్కు కారేది, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణికేది. మాత్ర పడితేనే మళ్ళీ మనిషినయ్యేదాన్ని. అది గమనించి మా ఆయన నన్ను కర్నూలు తీసుకెళ్ళారు. అక్కడ ఒక మానసిక వైద్యురాలు నన్ను ఒక్క మాట కూడా అనకుండా, ఈ నాలుక కింది మాత్ర మొదలుపెట్టించింది.

"ఇది కూడా ఆ జాతి మందే. కాకపోతే నిన్ను ఎక్కించదు, దించదు. నిలబెడుతుంది. తొందరపడి మానొద్దు" అని చెప్పింది. బయట షాపుల్లో అమ్మరు కాబట్టి నెలనెలా వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అలా ఏళ్ళు గడిచాయి. పాఠాలు చెప్పాను, పరీక్ష పేపర్లు దిద్దాను, రాత్రుళ్ళు నిద్రపోయాను. ఇంతకంటే నాకు ఏమీ అక్కర్లేదనిపించేది.

ఆ తర్వాత గర్భసంచిలో గడ్డలు బయటపడ్డాయి. రక్తం పోయి పోయి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. గడ్డలు పెద్దవి, పొట్ట కోసి గర్భసంచి తీసేయక తప్పదన్నారు. కడపలోనే ఒక ఆస్పత్రికి వెళ్ళాం. సర్జన్ చురుకైన మనిషి. బొమ్మ గీసి మరీ వివరించాడు. ఇప్పుడు ఏమేం మందులు వాడుతున్నారని చివర్లో అడిగాడు. నేను మాత్ర పేరు చెప్పాను. ఆయన పెన్ను ఆగింది. తల ఎత్తి నన్ను కాకుండా మా ఆయన్ను చూశాడు.

"ఇది వారం ముందే, అంటే రేపట్నుంచే ఆపెయ్యాలి. ఇది ఒంట్లో ఉంటే ఆపరేషన్ తర్వాత నొప్పి మందులు పనిచేయవు. అయినా మీలాంటి వాళ్ళకు గట్టి మందులు ఇవ్వడం కూడా కష్టమే. ఓర్చుకోవాల్సి వస్తుంది" అన్నాడు.

ఆ 'మీలాంటి వాళ్ళు' అన్న మాట నాతోపాటు ఆటో ఎక్కి ఇంటిదాకా వచ్చింది. పొట్ట కోసుకుని, మందు లేకుండా పడుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అయినా డాక్టరు చెప్పాడు కదా అని మర్నాడు మాత్ర పెట్టుకోలేదు. ఆ రోజు ఎలాగో గడిచింది. రెండో రోజు ఆవులింతల మీద ఆవులింతలు, కళ్ళ నీళ్ళు, కాళ్ళు మంచం మీద ఒకచోట నిలవలేదు. ఏళ్ళ కింద వదిలివచ్చిన చోటికే మళ్ళీ చేరానని అర్థమైంది. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. మందుల షాపు ఏ వేళదాకా తెరిచి ఉంటుందో నా బుర్ర లెక్కలు వేస్తోంది.

ఆ మాట మా ఆయనతో చెప్పాను. ఆయన వెంటనే కర్నూలు డాక్టరమ్మకు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు.

"ఎవరు ఆపమన్నారు?" అంది ఆమె.

చెప్పాను.

"ముందు మాత్ర పెట్టుకో. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా, నువ్వు మాట్లాడాల్సిన పని లేదు."

పెట్టుకున్నాను. అది కరుగుతుంటే ఆమె అవతల నుంచి నిదానంగా చెప్పుకుంటూ పోయింది. ఒకప్పుడు అందరూ ఆపమనేవారట. ఆపినవాళ్ళు ఆపరేషన్ నొప్పితోపాటు ఈ బాధ కూడా పడేవారట, కొందరు పాత మందులకే తిరిగి వెళ్ళిపోయేవారట. ఇప్పుడు మాత్ర ఆపకుండానే చేస్తున్నారట. నొప్పికి వేరే దారులు ఉన్నాయట. "ఆపరేషన్ కర్నూలులోనే చేయించుకో, రా. ఇక్కడ నాకు తెలిసిన, ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు ఉన్నాడు, ఆయనతో మాట్లాడి పెడతా" అంది. నేను ఊఁ కొట్టలేక ఫోన్ పట్టుకుని తల ఊపుతూ కూర్చున్నాను. మా ఆయన అది చూసి నవ్వారు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

మత్తు డాక్టరు ఆదోని వైపు మనిషి. తెల్లబడ్డ మీసాలు, కాళ్ళకు పరుగుపందెం బూట్లు. ఆస్పత్రి అంతా ఆ బూట్లతోనే తిరుగుతాడట. నా కాగితాలన్నీ చూసి పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏమ్మా, నీకు నొప్పంటే భయమా, మందంటే భయమా?"

"రెండూ సార్."

"సరే. రెండిటికీ చెప్తా ఇను. మాత్ర ఆపేది లేదు. పొద్దున ఒక్కసారి పెట్టుకునేదాన్నే మూడు భాగాలు చేసి మూడు పూటలా పెట్టుకుంటావు. అట్ల చేస్తే అదే నొప్పిని కూడా కొంచెం పట్టుకుంటాది. నడుము దగ్గర సన్న గొట్టం పెట్టి మందు వదుల్తా, కడుపు కింద తిమ్మిరిగా ఉంటాది. ఇవి కాక మామూలు నొప్పి మందులు వేళకు పడతాంటాయి. అప్పటికీ చాలకపోతే గట్టి మందు కూడా ఇస్తా. నేనుండి ఇస్తా."

"నాలాంటి వాళ్ళకు ఇవ్వరంట కదా సార్?"

ఆయన మీసం కింద పెదవి కదిలింది గానీ ఎవరన్నారని అడగలేదు. "నీకు పొట్ట కోస్తాండాము. కోసినోళ్ళకు అందరికీ నొస్తాది. నీకు ఇంకా కొంచెం ఎక్కువే నొయ్యచ్చు. నొప్పుందని నువ్వు చెప్తే నేను నమ్ముతా. నాకు కావల్సింది నువ్వు దాచకుండా చెప్పేది, అంతే."

ఆ గది నుంచి బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. అప్పటికింకా ఒంటి మీద కత్తి పడలేదు, అయినా సగం నొప్పి తీరినట్టే ఉంది.

ఇక మిగిలింది తోడు సంగతి. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఉండనివ్వరు. మా అమ్మకు మోకాళ్ళు పనిచేయవు. మా ఆయన అక్కను పిలవక తప్పలేదు. మా వదినది పత్తికొండ దగ్గర పల్లె. బోరు కింద టమాటా పెడుతుంది. ఆమె నోటికి మార్కెట్టులో దళారులు కూడా జంకుతారని ఆమే చెప్పుకునేది. కాయ కోతకు వచ్చిన తోటను కొడుక్కి అప్పగించి, ఒక సంచితో బస్సు దిగింది.

"అక్కకు ఏదో విటమిన్ మాత్ర అని చెప్దాంలే" అన్నారు మా ఆయన మెల్లగా. వద్దన్నాను. మూడు పూటలా నోరు మూసుకుని కూర్చునే మనిషి పక్కన రాత్రింబగళ్ళు ఉండబోయేది ఆమె. మత్తు డాక్టరు ఏదీ దాచొద్దని నాతో అన్నాడు. ఆ మాట ఆయన ఒక్కడి దగ్గరే పాటిస్తే సరిపోతుందా అనిపించింది.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వదిన మంచం పక్కన కూర్చుని చీనీకాయ ఒలుస్తోంది.

"వదినా, నీకొకటి చెప్పల్ల."

"చెప్పు. గర్భసంచి తీసేస్తే ఏదో అయిపోతాదని భయపడాకు. నాది తీసి శానా యేండ్లాయ. ఆ పైన తోట పనంతా నేనే చూసుకుంటాండా."

"అది కాదు."

మొదట్నుంచీ చెప్పాను. రాళ్ళు, సూదులు, మందుల షాపు, కర్నూలు డాక్టరమ్మ, నాలుక కింది మాత్ర. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో చీనీకాయ వైపే చూస్తున్నాను. అది సగం ఒలిచి ఆగిపోయింది.

"అంటే," అంది చివరికి, "పొద్దున్నే నువ్వు గమ్మున కూచునేది జపం కాదా?"

"కాదు వదినా."

"నా కోడలికి ఎన్నితూర్లు చెప్పినానో నీకు తెలీదు. మీ అత్తను చూసి నేర్చుకోమే, లేస్తానే దేవుణ్ణి తల్చుకుంటాది అని. ఆ పిల్ల కూడా రోజూ కూచుంటాండాది ఇప్పుడు."

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకూ ఆగలేదు. పక్క మంచం ఆమె తల తిప్పి చూసింది. నవ్వు తగ్గాక వదిన మళ్ళీ చీనీకాయ అందుకుంది. తొనలు విడదీసి ఒక్కొక్కటే స్టీలు గిన్నెలో పెట్టింది.

"మీ అన్నను నేను యాడికి తిప్పలేదో చెప్పు" అంది. వాళ్ళాయన తాగి తాగి పోయాడు, చాలా ఏళ్ళయింది. "శ్రీశైలం పిల్చకపోయి ఒట్టు పెట్టిచ్చినా. మాల ఏపిచ్చినా. ఆకుపసరు తాపినా. ఒళ్ళు వణుకుతాంటే పొగరని తిట్టినా. దానికి డాక్టరుంటాడని, మందుంటాదని ఎవురూ చెప్పలే నాకు. నువ్వన్నా పోయినావు. మంచి పని చేసినావు." గిన్నె నా చేతిలో పెట్టింది. "తిను. రేపు తిననియ్యరు."

ఏళ్ళ తరబడి నేను భయపడిన మాటలేవీ ఆమె నోటి నుంచి రాలేదు.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే ముందు నా మాత్ర ముక్క నాలుక కింద పెట్టుకున్నాను. అప్పుడే బట్టలు మార్చడానికి ఒక నర్సు వచ్చింది. చిన్న పిల్ల, కొత్తగా చేరినట్టుంది.

"నోట్లో ఏమి పెట్టుకున్నారు? ఏమీ తీసుకోకూడదని చెప్పినాం కదా. ఉమ్మేయండి" అంది.

నేను చెయ్యి అడ్డం పెట్టి తల ఊపాను. ఆమెకు కోపం వచ్చింది. వదిన లేచి మధ్యలో నిలబడింది.

"అది మింగేది కాదు పాపా. నాలిక కింద కరిగేది. నీళ్ళు కూడా తాగలేదు. మత్తు డాక్టరే పెట్టుకోమన్యాడు. నీ దగ్గరుండే కాగితంలో రాసింటాడు, సూడు."

నర్సు కాగితం తిప్పి చూసింది. రాసి ఉంది. సారీ అమ్మా అని పక్కకు వెళ్ళి, కరిగేదాకా తలుపు దగ్గరే నిలబడింది. వదిన నా వైపు తిరిగి, "నువ్వు మాట్లాడాకు, నేనుండాను కదా" అంది. అన్నేళ్ళలో ఆ మాత్ర కరిగేటప్పుడు నా తరఫున ఇంకొకరు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆపరేషన్ బాగా జరిగింది. నడుము గొట్టంలోంచి వచ్చే మందు వల్ల కడుపు నాది కానట్టు ఉంది. మధ్యాహ్నం మా ఆయన వచ్చి నా నుదురు తాకి వెళ్ళారు. సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం కాళ్ళ మీదికి వచ్చే వేళకు నొప్పి మొదలైంది. ముందు సన్నగా, తర్వాత పళ్ళు బిగించాల్సినంతగా. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు వచ్చి ఫైలు చూశాడు. నా మాత్ర పేరు దగ్గర చూపు ఆగింది.

"ఇవ్వాల్సినవన్నీ ఇచ్చామండీ. ఇంకా అంటే..." అని ఆపాడు. కొంచెం ఓర్చుకోమని చెప్పి పక్క మంచానికి వెళ్ళాడు.

నేను నోరు మూసుకున్నాను. అతని మీద కోపం రాలేదు. నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇది నొప్పేనా? లేక పాత ఆకలి నొప్పి వేషం వేసుకుని వచ్చిందా? అడిగితే ఏమనుకుంటారు? అడిగాక దొరికితే నేను ఏమవుతాను? కళ్ళు మూసుకుని పడుకున్నాను గానీ చెంపల మీదికి నీళ్ళు కారుతున్నాయి.

"నొస్తాండాదా?" అంది వదిన.

"తెలీడం లేదు వదినా."

"తెలీకుండా ఎట్లుంటాది? యాడ నొస్తాండాదో చెయ్యి పెట్టి చూపీ."

పెట్టాను. బొడ్డు కింద, ఎడమ వైపు. సరిగ్గా కుట్లు ఉన్నచోట. కదిలితే కోస్తుంది, కదలకుంటే మంట.

"ఆ పొద్దు మాత్ర లేనప్పుడు ఒళ్ళంతా పీకేదని చెప్తివే, అప్పుడు కూడా ఈడనేనా?"

కాదు. అప్పుడు ఒక చోటంటూ లేదు. ఒళ్ళంతా ఉండేది, ఎక్కడా ఉండేది కాదు. చెయ్యి పెట్టి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఇది నా అరచేతి కింద ఉంది. గణితం చెప్పే నాకు ఆ తేడా తట్టలేదు.

"ఇది కుట్ల నొప్పే వదినా. ఆ పెద్ద డాక్టరును పిలిపీ" అన్నాను.

ఆమె వెళ్ళి నర్సుతో చెప్పింది, నర్సు ఫోన్ చేసింది. మత్తు డాక్టరు తొందరగానే వచ్చాడు. ఎంత నొప్పి అని అడిగి, చెప్పింది విని, నన్ను మెల్లగా పక్కకు తిప్పించాడు.

"గొట్టం మడతపడిందమ్మా నీ వీపు కింద. మందు పోనేలేదు. ఎంత సేపట్నుంచి ఓర్చుకుంటాండావు?"

నేను చెప్పేలోపే వదిన అందుకుంది. "ఎండ ఆ కిటికీలోకి వచ్చినప్పట్నుంచి సార్."

ఆయన గొట్టం సరిచేసి మందు వదిలాడు. చిన్న డాక్టరును పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పాడు. "ఈ పేషెంటు నొప్పి అంటే ముందు గొట్టం చూడప్పా. తర్వాత నాకు ఫోన్ చెయ్యి. ఫైల్లో ఆ మాట రాసింది జాగ్రత్తగా చూసుకోమని, అనుమానించమని కాదు." ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. తర్వాతి రోజుల్లో ఎక్కువసార్లు వచ్చి నన్ను పలకరించింది అతనే.

కాసేపటికి కడుపు మీది మంట వెనక్కి తగ్గింది. వీధిలో పండ్ల బండివాడి కేక వినబడింది. అంతసేపూ అతను అరుస్తూనే ఉన్నాడేమో, నాకు వినబడనే లేదు.

అసలు పరీక్ష మరుసటి రోజు వచ్చింది. గొట్టం తీసేశాక నన్ను లేపి నడిపించారు. నాలుగు అడుగులు వేసి మంచం చేరేసరికి కుట్ల దగ్గర ఎవరో పిడికిలి బిగించినట్టయింది. మామూలు మందులతో తగ్గలేదు. మత్తు డాక్టరు తనే సూది తెచ్చాడు. గట్టి మందు. గాజుసీసా మెడ విరిగిన చప్పుడు, దూది మీద స్పిరిట్ వాసన. నా ఒళ్ళు వాటిని గుర్తుపట్టింది.

"భయమైతాంది సార్" అన్నాను.

"చెప్పినావు కదా, అది చాలు. నేను ఈడనే కూచుంటా" అని స్టూలు లాక్కుని నా మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

మందు ఎక్కింది. నేను కళ్ళు మూసుకుని, ఒకప్పటి ఆ వెచ్చటి అల కోసం కాచుకున్నాను. వస్తే దానికి ఎదురు నిలవాలని పిడికిళ్ళు బిగించాను. రాలేదు. ఇంకా చూశాను. కుట్ల దగ్గరి బిగింపు వదులైంది. అంతే. పైన ఫ్యాన్ తిరుగుతోంది. గోడకు సున్నం పెచ్చులూడి ఉంది. మనసు ఎక్కడికీ తేలిపోలేదు, మంచం మీద నాతోనే ఉంది. నొప్పి తగ్గింది, ఇంకేమీ జరగలేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఇంకా నొస్తాండాదా?" అని వదిన కంగారుపడింది.

"లేదు వదినా. తగ్గింది."

"తగ్గితే ఏడుస్తారా ఎవురన్నా?" అని తన కొంగుతోనే నా ముఖం తుడిచింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఫోన్ చేసి ఏమీ రాలేదని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. "రాదు. రోజూ పెట్టుకునే మాత్ర ఆ చోటంతా తనే ఆక్రమించి కూర్చుని ఉంటుంది. అందుకే దాన్ని ఆపొద్దన్నది" అంది. తర్వాత, "ఎలా ఉంది నీకు?" అని అడిగింది. ఆకలిగా ఉందని చెప్పాను. నిజంగానే ఆకలిగా ఉంది.

గట్టి మందు మరొక్కసారి తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మామూలు వాటితోనే సరిపోయింది. ఇంటికి పంపేటప్పుడు మాత్రను మళ్ళీ పొద్దున ఒక్కపూటకు మార్చారు. వదిన తోటకు వెళ్ళడానికి తొందరపడుతూనే ఒక రోజు ఎక్కువ ఉంది. బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పిల్లోళ్ళు సూదుల అలవాటులో పడ్డారు, ఆ డాక్టరమ్మ దగ్గరికి ఎట్ల పోవల్లో చెప్పు అని అడిగింది. చెప్పాను. నా పేరు చెప్పొచ్చా అని అడిగింది. కాసేపు ఆలోచించి, చెప్పమన్నాను.

మా ఆయన కారు మాట్లాడారు. నంద్యాల దాటాక రోడ్డు పక్కన బనగానపల్లె మామిడికాయలు బుట్టల్లో పెట్టుకుని అమ్ముతున్నారు. ఆపమని ఒక బుట్ట కొనిపించాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దిండును పొట్టకు అదిమి పట్టుకుంటున్నాను. డ్రైవరు నన్ను అద్దంలో చూసి, ప్రతి గతుకు దగ్గరా ఎద్దులబండి కంటే నిదానంగా పోనిచ్చాడు.

"నొప్పిగా ఉండాదా?" అని మా ఆయన అడిగారు.

"ఉండాది."

"కారు ఆపమందునా? మాత్ర ఏమన్నా వేసుకుంటావా?"

"వద్దు. ఇంటికి పోయినాక వేళకు వేసుకుంటాలే. ఓర్చుకునేంతే ఉండాది."

ఆయన సరే అని కిటికీ అద్దం కొంచెం దించారు. వేడి గాలితోపాటు మామిడిపండ్ల వాసన కారంతా నిండింది. ఆళ్ళగడ్డ చేరకముందే నాకు నిద్ర పట్టింది. మైదుకూరులో టీ తాగుదామని లేపితే లేవలేదట. కడపలో మా వీధి మలుపు దగ్గర మెలకువ వచ్చింది.